ఆఖరి స్టాపు అవతల

ఇరవై రెండేండ్లు ఇబ్రహీంపట్నం కాడ
బండి మలుపుకొని వచ్చిన.
రెండు వందల డెబ్బై ఏడు.
పేరడిగితే ముందుగాల ఆ నంబరే నోట్లకొస్తుండె.
చెరువు కట్ట అగుపడంగనే
"లాస్టు స్టాపు, దిగుండ్రి, దిగుండ్రి."
కట్ట అవతల రోడ్డు ఎటు పోతదో
నా టికెట్ల సంచి ఎన్నడూ అడగలే.

రిటైరయినంక నాలుగో నెల, ఆదివారం,
పొద్దుగాల ఐదున్నరకు దిల్‌సుఖ్‌నగర్‌ల
టూరు బస్సెక్కిన. పదమూడో సీటు, కిటికీ పక్కకు.
నా టికెట్ ఇంకోలు చింపుతుంటె
ఎట్లనో అయింది,
ఇంత వయసుల నా జడ ఎవరో అల్లినట్టు.

పక్కసీట్ల గౌసియా బేగం, మలక్‌పేట.
ఒళ్ళె ఖిచిడీ డబ్బా, మూత తియ్యకముందే ఖట్టా వాసన.
"ఈ రోడ్డు ఎరుకేనా?" అన్నది.
"పది లక్షల కిలోమీటర్లు తిరిగిన."
"మరి సాగరం?"
"తొలిసారి."

తుర్కయాంజాల్ రాంగనే చెయ్యి నడుం కాడికి పోయింది.
సంచి లేదు.
కొంగు ముడిల పదకొండు రూపాయలున్నయి.
ఒకనాడు వాన. తడిసిన పిల్ల ఒకతె
ఇరవై నోటు ఇచ్చింది. చిల్లర లేక
టికెట్ ఎనక పదకొండని రాసిచ్చిన.
ఇక్కడనే దిగింది. ఆమె అడగలే.
నేను పిలవలే.
బండి కదిలింది.
గసొంటియి ఎన్ని లేవు నౌకర్ల!
ఇదొక్కటి మాత్రం దిగి పోతలేదు.

ఇబ్రహీంపట్నం వచ్చింది. ఆగలే.
కడుపుల ఎవరో సడన్ బ్రేకేసిండ్రు.
యాచారం, మాల్, చింతపల్లి...
ఎన్నడూ అరవని పేర్లు
నోట్లనే నములుకుంట పోయిన.
బత్తాయి తోటలు. ఎర్ర మట్టి. రోడ్డుకు అడ్డం మేకలు,
వాటికి హారనంటే లెక్కలేదు.

లాంచికి హారనున్నది గని స్టాపుల్లేవు.
నీళ్ళు, నీళ్ళు, ఇంక నీళ్ళు.
గైడు పిల్లగాడు శాంసన్ మైకుల చెప్పిండు:
"దీవి అంటరు గని అమ్మా, ఇది కొండ తలకాయ.
కింద లోయంత మునిగింది.
నీళ్ళొస్తున్నయని తెలిసి
రాళ్ళకు నంబర్లేసి పైకి మోసుకొచ్చిండ్రు,
ఎక్కడియి అక్కడ పేర్చిండ్రు."
దిగంగనే ఒక రాయి అంచు తడిమి చూసిన.
నంబరు దొరకలే. అరిగిందో ఏమో.

మ్యూజియంల ఒక పలక కాడ నిలబడ్డం.
రాణులు ఇచ్చిన దానాల లెక్కట.
పదిహేడు వందల ఏండ్ల కింది లెక్క, ఇంకా చెరిగిపోలే.
నాకు నవ్వొచ్చింది.
మా డిపోల ఒక్కనాడు
ముప్పై రూపాయలు తక్కువొస్తె
జీతంల కోసిండ్రు, రాతి మీద ఎవరూ రాయలే.

తిరుగు లాంచిల అందరూ కృష్ణలకు బిళ్ళలేసిండ్రు.
గౌసియా బేగం కూడ వేసింది, కండ్లు మూసుకొని.
"నువ్వెయ్యవా?"
కొంగు ముడి పట్టుకున్న.
"ఇవి నాయి కావు."
ఎవరివని అడగలే ఆమె. మంచి మనిషి.

బస్సుల శాంసన్ మూడు మాట్ల లెక్కవెట్టిండు.
ఒకలు తక్కువ. చెమటలు పట్టినయి పాపం.
"ఎనిమిదో సీటు, నీలం టోపీ," అన్న తల తిప్పకుంటనే,
"రేవు కాడ కంకులు కొంటున్నడు."
నిజంగనే అక్కడున్నడు.

చీకట్ల ఇబ్రహీంపట్నం కట్ట ఎదురొచ్చింది.
ఈ దిక్కుకెళ్ళి దాన్ని చూసుడు ఇదే మొదలు.
ఇటుకెళ్ళి చూస్తె అది మొదటి స్టాపు.

తుర్కయాంజాల్ల డ్రైవర్ మెల్లగ చేసిండు:
"దిగేటోళ్ళున్నరా?"
అందరూ నిద్రల ఉన్నరు.
కిటికీలకెళ్ళి తల బయటవెట్టిన.
స్టాపుల ఇద్దరున్నరు. ఒకామెకు నలభై ఉంటయేమో,
చేతిల ఉల్లిగడ్డల సంచి.
కాదులే, అనుకున్న.
ముడి మీది చెయ్యి మాత్రం
దిల్‌సుఖ్‌నగర్ దాక తియ్యలే.