జీడి చేతులు

రాత్రి తొమ్మిదింటికి
చేతులు కడగడం మొదలెడతాను.
ముందు ఆముదం, తర్వాత బూడిద, ఆ తర్వాత సబ్బు,
మళ్లీ సబ్బు.
కాశీబుగ్గ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా గింజ కొడుతున్న చేతులు.
నలుపు ఎలాగూ పోదు,
మంట పోవాలి.

జీడినూనె సంగతి మాకు తెలుసు.
ఓసారి మరిచిపోయి కన్ను నులుముకున్నాను,
మూడు రోజులు లోకం ఎర్రగా కనిపించింది.
ఆ చేతుల్తో అక్కడికా?
అందుకే, హేమలత సిస్టరు
ఆ గులాబీరంగు కప్పు నా అరచేతిలో పెట్టిన రోజు నుంచి
ఏడు నెలలు పసుపు డబ్బా వెనక దాచాను.

ఏడు నెలలూ పాత లెక్కే.
చాప కింద యూరియా సంచి, సంచి మీద చీర ముక్క,
వెల్లకిలా, కట్టెలా.
రెండింటి బండి పలాసలో కూత పెట్టగానే లేచి
చీకట్లో పక్క తడిమి చూసుకోవడం.
తడి తగిలిందా, ఆ రాత్రికి నిద్ర అయిపోయినట్టే.
ఆయనకి ఆ కూత ఎప్పుడూ వినపడలేదు.

గున్నమ్మ ముందు వాడింది. గున్నమ్మ అన్నీ ముందే చేస్తుంది.
"లోనికెలిపోతే ఏటి సేత్తావే?" అంటే
టిఫిన్ గిన్నె మూత మీద గోరుతో కొట్టి,
"ఎక్కడికెలిపోద్దే? అటేపు తలుపు నేదు.
అదేటి, మందస రోడ్డా?"

గోళ్లు కురచగా కత్తిరించుకున్నాను.
దొన్నె కుట్టేముందు ఆకు మడిచినట్టు మడిచాను.
ఊపిరి బిగపట్టాను, పోలేదు.
ఊపిరి వదిలాను, పోయింది.
లోపల ఉమ్మెత్తపువ్వులా విచ్చుకున్న చప్పుడు
చెవికి కాదు, ఒంటికి వినిపించింది.
చుట్టూ వేలు తిప్పి చూశాను, మడత మిగల్లేదు.
అయినా నమ్మకం చాలక
గుడ్డ ముక్క ఒకటి తోడుంచాను,
కొత్త కాపలావాడి మీద పాత కాపలావాడిలా.

పొద్దున అయిదింటికి అది రాలేదు.
తోక పట్టి లాగాను, జారింది.
లాగాను, జారింది.
చెమటలు.
ఆసుపత్రికి పోతే ఏమని చెప్పాలి?
అప్పుడు గుర్తొచ్చింది సిస్టరు మాట:
లాక్కూడదమ్మా, గొంతుక్కూర్చో,
బిడ్డని కన్నావు కదా, అలా కిందికి నెట్టు,
అడుగు నొక్కితే గాలి పోతుంది,
అప్పుడు దానంతటదే దిగుతుంది.
దిగింది.

చూశాను.
ఇంతేనా?
రెండు చెంచాలు. మూడనుకో.
పన్నెండేళ్లప్పట్నించి నేను ఏరనుకున్నది,
నన్ను పశువుల సావిడి పక్కన పడుకోబెట్టింది,
పెళ్లి పందిట్లోంచి లేపి పంపింది,
ఈ రెండు చెంచాలా?
గింజని కేజీల్లెక్కన తూచే చేతులు నావి.
తూకంలో మోసం ఎక్కడుందో
చూపు ఆనగానే తెలుస్తుంది.

నెల తిరిగాక, దానికే విడిగా ఉంచిన సొట్ట గిన్నెలో
కప్పు మరగబెడుతుంటే
మా అత్త తవిటమ్మ పొయ్యి దగ్గరికొచ్చి వంగి చూసింది.
"ఏటే అది, గుడ్డా?"
తినే గుడ్డు అంటోందో, కట్టుకునే గుడ్డ అంటోందో
తెలీక నవ్వొచ్చింది.
రెండూ కాదత్తా, అన్నాను. మొత్తం చెప్పాను.
నీళ్లు కళపెళా మరిగాయి, అత్త మాట్లాడలేదు.
తర్వాత,
"నాకప్పుడిది ఉంటే
మంచమ్మీద తొంగుందును" అంది.
చెంగుతో పట్టుకుని గిన్నె తనే దించింది.

ఇప్పుడు పడుకోబోయే ముందు ఖాళీ చేసి కడిగి పెట్టుకుంటాను,
పన్నెండు గంటలు దాటనివ్వను,
షిఫ్టు టైము కన్నా అది బాగా గుర్తుంటుంది నాకు.
కాపర్టీ వేయించుకున్న ఊర్మిళని మాత్రం
ముందు డాక్టరమ్మని అడిగి రమ్మన్నాం.
నొప్పి పుట్టినా, జ్వరమొచ్చినా
మొండికేయకుండా తీసేసి సిస్టరు దగ్గరికి పోవడమే.

బోర్లా పడుకుంటాను.
కుడికి, ఎడమకి, మోకాళ్లు ముడుచుకుని.
యూరియా సంచి ఇప్పుడు గుమ్మం దగ్గర,
కాళ్లు తుడుచుకోడానికి.

నిన్న పొద్దున ఆయన అడిగాడు:
"రాత్రి బండి కూతకి మెలకువొచ్చేసింది, నీకు రాలేదేటి?"

ఏ బండి, అన్నాను.