జానెడు, బారెడు

పాలిసేడ్‌లో నది పక్క పీచ్ తోటల్లో
మట్టి బరమా బతిమాలకుండానే దిగుతుంది.
రెండు తిప్పులకి మూరెడు,
ఇంకో నాలుగు తిప్పితే బారెడు.
పైకి లాగితే
గోధుమరంగు, దాని కింద బూడిద, దాని కింద సన్నిసుక.
ఏ వరద ఏం తెచ్చి పడేసిందో
పూతరేకు మడతల్లా.

"ఇదంతా మా నేలే" అంటుంది తోట గలావిడ మార్లిస్,
గుప్పెడు పిసికి, ముద్ద కట్టిందో లేదో చూసుకుని.
కాలవ గట్టున తెల్లగా పొక్కిన చవుడు మాత్రం
కనపడనట్టే దాటుతుంది.

మధ్యాహ్నం గ్రాండ్ మేసా పైన.
కింద పట్టిన చెమట
ఇక్కడ చల్లారి వీపుకి అంటుకుంది.
బరమా జానెడు దిగి
ఠంగుమంది.
పది అడుగులు జరిగి మళ్ళీ. ఠంగ్.
నల్లరాయి.
ఫారంలో లోతు అన్న గడిలో
తొమ్మిది అంగుళాలు అని రాశాను,
నా తప్పేదో ఒప్పుకున్నట్టు.

ఆరో తరగతిలో
కాగితం మధ్య నిలువు గీత గీయించారు మాస్టారు.
మైదానం వైపు వరి, గోధుమ, చెరకు, జనం, రైళ్ళు,
చోటు చాలక మార్జిన్‌లోకి ఎక్కించాను.
పీఠభూమి వైపు ఒక్కటే మాట: ఖనిజాలు.
పదికి పది వేశారు.
ఆ గీత దాటి ఇటునుంచి అటు
రోజూ ఏదో కారుతోందని
ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

జూన్‌లో కూడా స్ప్రూస్ చెట్ల నీడన మురికి మంచు.
చుక్క, చుక్క.
మార్లిస్ కాలవకి పురుడు ఇక్కడే.

దిగుతుంటే, రోడ్డు కోసిన చోట
డ్రైవర్ డ్వేన్ బండి ఆపాడు.
నల్లరాతి దిమ్మ కింద
గులకరాళ్ళు. కోడిగుడ్డంత, నున్నగా.
నది తప్ప ఇంకెవరు చెయ్యగలరు ఆ పని?

అంటే ఇదీ లోయే, ఒకనాడు.
లావా ఏటిదారినే వచ్చి
ఏటి మీదే గడ్డకట్టింది.
అటూ ఇటూ మెత్తటి గుట్టలు
ఏడాదికింత అరిగి
ఊళ్ళకి ఊళ్ళే మట్టయి వెళ్ళిపోయాయి కిందికి.
పల్లం ఉన్నచోటే ఉండి మెరకయింది.
నీరు పల్లమెరుగు అంటారు.
ఎప్పటి పల్లం?

సాయంత్రం పళ్ళ దుకాణంలో
ఒక రాయి మార్లిస్ చేతిలో పెట్టాను.
బొటనవేలితో తిప్పి తిప్పి చూసింది.
"ఇది మా నదిది కాదే."
మరే, అన్నాను.
గాలికి రసీదులు లేస్తుంటే
దాన్ని వాటి మీద పెట్టి
తర్వాతి మనిషికి పళ్ళు తూచడం మొదలెట్టింది.