మిగిలింది ఒకరు

బెర్గెన్‌లో వాన పడుతోందని చెప్పడం దండగ.
నాకు యాభై రెండేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు
ఫెర్రీలకు ప్రోగ్రాములు రాస్తూ పోయాయి.
ఎదురుగా కూర్చున్న సింద్రెకి నా ఉద్యోగమంత వయసు.

ఎక్స్ ఈక్వల్స్ ఎక్స్ ప్లస్ ఒకటి
అని బోర్డు మీద రాశాను,
అలవాటున చెయ్యి దానంతటదే పోయింది.
"ఏ అంకె తనకన్నా ఒకటి ఎక్కువ?" అన్నాడు.
నవ్వాను. నవ్వి, నిద్రపోలేకపోయాను.

మొదటి వారం చేతులు కట్టేసినట్టుంది.
లూపు లేదు. పెట్టెలో ఉన్నది తీసి
ఇంకోటి పెట్టే వీల్లేదు.
"మరి మారేదెలా?"
"మార్చకు. కొత్తది చెయ్యి.
పాతదాన్ని దాని చోట ఉండనీ"
రొట్టె మీదికి గోధుమరంగు చీజ్ పల్చగా కోసుకుంటూ
ఇంటిపని పురమాయించినట్టు చెబుతాడు.

మోనాడ్ అంటే ఏమిటో మూడు రకాలుగా చెప్పాడు.
నాకు మూడూ ఎక్కలేదు.
మూడోది అతనికీ అనుమానమే.

అప్పుడు గుర్తొచ్చింది ఆ నవంబరు రాత్రి.
ఆఖరి ఫెర్రీ. రెండు తలుపులు, ఒకటే లెక్క.
ఓడలో ఇంకా నలభై ఒక్కరని
రెండు తలుపులూ ఒకే క్షణాన చదివాయి,
చెరొకరిని దించి
రెండూ నలభై అని రాశాయి.

అందరూ దిగిపోయాక తెర మీద మిగిలింది: ఒకరు.

కెప్టెన్ ఒడ్వార్ ప్రతి బెంచీ కిందా వంగి చూశాడు.
కార్ల డెక్కు, మరుగుదొడ్లు, లైఫ్‌జాకెట్ల అల్మారా.
తర్వాత నీళ్ల మీదికి లైటు తిప్పారు.
మూడు గంటలు, రెండు పడవలు,
అసలు పుట్టనే పుట్టని మనిషి కోసం.
తెల్లారాక తేలింది, అది నా పెట్టె.
ఎవరూ ఏమీ అనలేదు. ఒడ్వార్ కాఫీ పోసిచ్చాడు.
ఆ గుటక ఇంకా దిగలేదు.

సింద్రెకి ఇదంతా చెప్పలేదు.
కీబోర్డు దగ్గరికి లాక్కుని పెట్టె తీసేశాను.
దిగినవాళ్ల వరస మాత్రం ఉంచాను,
ఎవరు, ఎప్పుడు, ఏ తలుపున,
ఒక్క అక్షరం చెరపకుండా.
ఎంతమందంటే
ముందున్న మనిషి ఒకరు,
వెనకాల ఉన్నవాళ్లు ఎంతమందో అంత.
వెనకాల ఎంతమంది?
వాళ్లలో ముందున్న మనిషి ఒకరు,
ఆ వెనకాల...

"ఎక్కడ ఆగుతావు?" భుజం మీంచి సింద్రె.
ఎవరూ లేని చోట.
అందరూ మొదట రాసే వాక్యమట, నేను చివర రాశాను:
ఖాళీ వరసకు సున్నా.

ఆ రాత్రి దిగినవాళ్లను మళ్లీ దించాను.
మిగిలింది సున్నా అంది.
ఇంకోసారి. సున్నా.
ఇంకోసారి.

"ఎన్నిసార్లు నడిపినా అదే వస్తుంది కదా,
ఎందుకిలా?" అన్నాడు.

"వస్తుందనే" అన్నాను.