ఆకు ఉప్పగా ఉంటుంది

ఉపవాచకానికి అట్ట లేదు.
మాకంటే ముందు చదివినవాళ్ళు
గాలిపటం చేసుంటారని టీచరు అనుమానం.
అంచేత ఆ నవల పేరేంటో
కొరుక్కుపేట కార్పొరేషన్ బడి
తెలుగు మీడియం ఏడో తరగతి
పదకొండు మందిమీ ఎరగం.

అందులో పిల్లాడు జొన్నచేలో మంచె మీద పడుకుంటాడు.
వడిసెల తిప్పి పిట్టల్ని తోలతాడు,
తోలుతూనే వాటికి పేర్లు పెడతాడు.
దాహమేస్తే వాగులో ఇసక తోడి
చెలమ నీళ్ళు తాగుతాడు.

వజ్రమ్మ టీచరు చదువుతుంటే
మేం చేతులెత్తేవాళ్ళం.
మంచె అంటే?
"సిగ్నల్ కేబిన్ లేదూ, అట్లాంటిది. పైకప్పు గడ్డిది."
వడిసెల అంటే?
మస్తానమ్మ జడ రిబ్బను విప్పించి
సుద్దముక్క పెట్టి గిర్రున తిప్పింది.
నల్లబల్లకు ఆ సొట్ట చాలాకాలం ఉండింది.
చెలమ అంటే?
టీచరు కిటికీ వైపు చూసి ఊరుకుంది.
కిటికీ అవతల బకింగ్‌హాం కాలవ,
నల్లగా, నూనె మెరుపులతో,
ఎటు పారాలో మరిచిపోయినట్టు.

మాకూ ఉన్నాయి లెక్కకు.
తోళ్ళ గోదాము గోడలోంచి రావి పిలక,
పట్టాల మధ్య తుమ్మిపూలు,
గుర్రపుడెక్క మీద నడిచే పొడుగుకాళ్ళ పిట్ట.
దాని పేరు అమ్మ అరవంలో చెప్పింది.
నాయన చీపురు మూలన పెట్టి
అప్పటికే నిద్రపోయాడు.
పుస్తకంలో మిగిలిపోయిన పేర్లన్నీ
గట్టు మీంచి దాని మీదికి విసిరి చూశాం:
బెళవాయా? కముజా? పూరేడా?
ఏ పేరుకీ తల తిప్పలేదు.

ఒకరోజు టీచరు నోరు జారింది.
ఈ కాలవెంబడి పైకి పోతే సూళ్ళూరుపేట, నెల్లూరు,
ఇంకా పైకి.
ఒకప్పుడు బియ్యం, సరుగుడు కట్టెలు
పడవల్లో దీని మీదే వచ్చేవి.
"మా తాత కూడా," అంది, "కట్టెల మీద కూర్చుని."
అందరం విన్నాం.
పెంచలయ్య లెక్క కట్టాడు.

మర్నాడు హాజరులో వాడి పేరు మూడుసార్లు పిలిచింది.
సంచి బల్ల మీదే ఉంది. ఉపవాచకం లేదు.

కథలోకి నడిచిపోయాడు వాడు,
గట్టు పట్టుకుని, చెప్పుల్లేకుండా,
చమురు ట్యాంకులు దాటి, పొగగొట్టాలు దాటి,
ఎన్నూరు దగ్గర దారి నీళ్ళలో కలిసేదాకా.
చీకటి పడ్డాక ఎవరిదో ఉప్పు లారీ దింపిపోయింది.
వాళ్ళమ్మ కొట్టింది.
కొట్టి, మోకాళ్ళకు ఎండిన బురద
గోటితో గీకుతూ ఏడ్చింది.

జొన్నచేను కనపడిందా?
లేదన్నాడు.
"నీళ్ళలో నిలబడే చెట్లుండాయిరా.
వేళ్ళు పైకి మొలిచినాయి, పెన్సిళ్ళ మాదిరి.
ఊపిరి కోసమంట. వలేసే తాత చెప్పినాడు."
నిక్కరు జేబులోంచి గింజ తీశాడు.
జేబు తడికే రెండుగా విచ్చుకునుంది.
పుస్తకమంతా వెతికాం, ఆ చెట్టు లేదు.
రాసినాయన ఇంత దూరం రాలేదు కాబోలు.

బడి వెనక కాలవంచున గుచ్చాం.
నాలుగాకులు వేసింది.
ఆకు నాకితే ఉప్పన.
రోజుకొకరి వంతు.
(వేసవి సెలవుల్లో పూడిక తీసే యంత్రం వచ్చింది,
అది వేరే సంగతి.)

ఏప్రిల్ పరీక్షలో ప్రశ్న:
నవలలోని బాలునికి ప్రకృతితో గల అనుబంధమును వివరింపుము.
మంచె, వడిసెల, చెలమ,
మాలో ఎవరూ చూడనివన్నీ
అక్షరం తప్పు లేకుండా రాశాం.
పెంచలయ్య ఒక్క వాక్యం రాశాడు:
ఆకు ఉప్పగా ఉంటుంది.

ఎర్రసిరా గీత సగం దాకా వచ్చి ఆగింది, చూశాను.
మధ్యాహ్నం బెల్లు కొట్టాక
టీచరు బడి వెనక్కి పోయింది.
కిటికీ ఊచలకు పదకొండు మొహాలు.
ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని
అటూ ఇటూ చూసి
వంగింది.

మార్కులు మాత్రం రెండే వేసింది.