నిమిషానికి నలభై రెండు చుక్కలు

పొగతోటలో మూడో అంతస్తు, మంచం నంబరు పదకొండు.
పెంచల ప్రసాద్‌కి డెంగీ.
వాళ్ళన్న వరికుంటపాడు నుంచి తొలి బస్సుకి వస్తాడంట,
ఈ రాత్రికి నేనే దిక్కు.
ఒళ్ళో ఫ్లూయిడ్ మెకానిక్స్.
శుక్రవారం సప్లిమెంటరీ, రెండోసారి.

మొదటి అధ్యాయం ఎప్పుడూ మంచిది.
జిగట లేదనుకొనుము, ఘర్షణ లేదనుకొనుము,
ప్రవాహము నిలకడగా నున్నదనుకొనుము.
అనుకుంటా. అనుకోడానికేం పోయింది.
ఆ నీళ్ళు కాగితం మీద తప్ప ఎక్కడా పుట్టవు,
పైపుని రాసుకోవు, మలుపులో తడబడవు,
ఎవరికీ ఏమీ బాకీ పడకుండా దిగిపోతాయి.

పుస్తకంలో తొట్టికి చిల్లు.
నా ఎదురుగా స్టాండుకి సెలైన్ సీసా.
తొట్టి కొట్టేసి సీసా అని రాసుకున్నా.
వాడి చేతి దగ్గర్నుంచి పైకి జానలేసి కొలిస్తే నాలుగు,
తొంభై సెంటీమీటర్లు.
రెండుని తొమ్మిది పాయింట్ ఎనిమిదితో, దాన్ని పాయింట్ తొమ్మిదితో
గుణించి వర్గమూలం తీస్తే
నాలుగు పాయింట్ రెండు. శేషం లేదు.
ఇంత శుభ్రమైన జవాబు ఈ ఏడాదిలో చూళ్ళేదు నేను.
సూది బెజ్జం పాయింట్ ఆరు మిల్లీమీటర్లనుకుంటే
అర లీటరు సీసా ఏడు నిమిషాల్లో ఖాళీ.

తలెత్తి చూశా.
ఎక్కించి రెండు గంటలైంది, సగమే దిగుండాది.

రెండో అధ్యాయం తిప్పా.
ఇక్కడ నీళ్ళకి ఒళ్ళుంటది.
గోడనంటిన పొర కదలదు.
దాన్నానుకున్నది కాస్త, ఆ పక్కది ఇంకాస్త,
నడిమధ్యది మాత్రం పరుగు, సగటుకి సరిగ్గా రెట్టింపు.
నడవా మధ్యలో స్ట్రెచర్లు పోతా వస్తా ఉండాయి.
గోడవార చాపలేసుకున్నోళ్ళం
సాయంత్రం నుంచి కదల్లేదు.

వ్యాసార్ధానికి నాలుగో ఘాతం.
గొట్టం సగానికి సన్నబడితే పారేది పదహారో వంతు.
మొన్న నేను వర్గమే వేసి వచ్చా,
మార్కులన్నీ ఆడే కారిపోయినై.

మోచేతి మీద నెల్లూరి దోమ వాలింది.
దాని గొట్టం వెంట్రుకలో సగం కన్నా సన్నం,
నెత్తురేమో నీళ్ళకి మూడు నాలుగింతల జిగట.
ఒక్క సూత్రం రాకుండానే లాగతా ఉండాది.
కొట్టబోయి ఆగా, ఒక్క క్షణం, మర్యాదగా.
తర్వాత కొట్టా.

జిగట కలిపి మళ్ళీ చేశా.
ఏడు కాస్తా తొమ్మిది నిమిషాలైంది. అంతే.
యూనిట్లు చూశా, సున్నాలు చూశా,
మిల్లీమీటర్లని మీటర్లు చేసిన చోటు రెండుసార్లు చూశా.
నాలుగు గంటల సీసా అని చీటీలో ఉంది.
మిగతా మూడు గంటల యాభై ఒక్క నిమిషాలు
ఏ మెట్టులో జారిపోయినై?

ఎస్తేరు సిస్టర్ వచ్చింది.
"ఏంది అబ్బయా, సీసాకి లెక్కలు గడతన్నావా?"
ట్యూబు మీది బుల్లి చక్రాన బొటనవేలు ఆనిచ్చి
వాచీ చూస్తా చుక్కలు లెక్కబెట్టింది,
పెదాలు మాత్రమే కదిలిస్తా.
నలభై ఆరు వచ్చినట్టుంది, ఒక గోటిమందం తిప్పింది.
మళ్ళీ లెక్క.
"నలభై రెండు. ఇంతకన్నా దూకితే ఊపిరితిత్తుల్లో చేరద్ది,
తగ్గితే బీపీ పడద్ది."
పన్నెండో మంచం దగ్గరికి పోయింది.

వెనకట్ట దాకా తిరగేశా.
సాంద్రతకొక గుర్తుంది, జిగటకొకటుంది,
ఆ బొటనవేలికి లేదు.
గ్రీకు అక్షరాలన్నీ ఎవరెవరో పట్టకపోయారు.
మార్జిన్లో 'ఎ' అని రాసుకున్నా,
కింద, ప్రమాణం: గోటిమందం.

ప్రసాద్ కదిలాడు, కళ్ళు తెరవకుండానే.
"ఎంతొచ్చిందిరా?"
"నలభై రెండు."
"ప్లేట్‌లెట్లా? నలభై రెండు వేలా?
నిన్న ముప్పై ఒకటేగా," అని
అటు తిరిగి పడుకున్నాడు, సుఖంగా.

నేను సరిచెయ్యలా.
రిపోర్టు పొద్దున ఏడింటికి.