రెండున్నర అడుగులు

సుద్దముక్కలు నేనే కొన్నాను,
గుణుపురం బజార్లో, డబ్బా పన్నెండు రూపాయలు.
సున్నా చుడితే మాతో వస్తుంది.
ఇంటూ కొడితే ఎవరికో వెళ్తుంది.
ఏ గుర్తూ లేకపోతే
ఇంకా మనసు కుదరలేదని.

అయిదు గదుల్లోంచి ఒకటిన్నర గదిలోకి
దసరా లోపల దిగాలి.
మోకాళ్ళు ముందే చెప్పేశాయి,
నూతి మెట్లు ఇక మా వల్ల కాదని.
మోకాళ్ళు చెప్పినంత సూటిగా
మనుషులు చెప్పరు.

మొదటి ఇంటూ పెద్ద గుండిగకి.
వందమందికి వండిన గుండిగ.
ఇప్పుడు ఇద్దరికీ గ్లాసుడు బియ్యం,
అందులోనూ ఆయనకి షుగరని సగం.
పట్టుకెళ్ళడానికొచ్చిన కుంతళా సాహు
"అపా, మీ ఇంటిపేరు చెక్కి ఉందే" అంది.
ఉండనీ అన్నాను.
నీ మనవరాలి పెళ్ళికి
మా పేరూ పొయ్యెక్కుతుంది.

రుబ్బురోలు ఎవరూ మొయ్యలేరు.
ఇంటితోపాటే అదీ అమ్ముడైపోయింది,
దానికి చెప్పకుండా.

పాతసామాన్లవాడు కాటా తెచ్చాడు.
ఇత్తడి కిలో ఇంత, ఇనుము కిలో ఇంత,
కాగితం కిలో ఇంత.
పిల్ల చదివిన ఒడియా పుస్తకాలు,
నేను దాచుకున్న తెలుగు వారపత్రికలు
ఒకే తాడుతో కట్టాడు.
రెండూ గుండ్రటి అక్షరాలే.
తూకానికి భాష రాదు.

ఆయన మాత్రం సుద్ద ముట్టుకోలేదు.
పగలంతా అరుగు మీద కూచుని
"కానీ, కానీ, నీ ఇష్టం" అన్నాడు.
తెల్లారి లేచి చూస్తే
నా ఇంటూల్లో సగం చెరిపి
సున్నాలు చుట్టి ఉన్నాయి.
చిమ్నీ పగిలిన లాంతరు. సున్నా.
పిడి ఊడిన సుత్తి. సున్నా.
డబ్బాడు పట్టాల మేకులు, తుప్పుతో సహా. సున్నా.
"ఇదేటి?" అన్నాను.
"నాకేటి తెలుసు, ఎలకలేమో" అన్నాడు.
బనీను నిండా సుద్దపొడి.

ముప్పై నాలుగేళ్ళు
చిన్నరైలు దారి వెంట కీమేనుగా నడిచిన మనిషి.
పట్టాకీ పట్టాకీ మధ్య
ఇనపకడ్డీ పెట్టి కొలిచేవాడు,
రెండడుగుల ఆరంగుళాలు.
ఎక్కువైతే చక్రం దిగిపోతుంది,
తక్కువైతే పట్టా ఎక్కేస్తుంది అనేవాడు,
అన్నం కలుపుకుంటూ కూడా.
చిన్నరైలు ఆపేసి, సన్నపట్టాలు పీకేసి
పెద్దవి వేసినప్పుడు
ఆ కడ్డీని వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు.
పెరట్లో దండేనికి ఊతంగా
ఇన్నాళ్ళూ మా తడిబట్టలు మోసింది.
నేను దానికి ఏ గుర్తూ పెట్టలేదు.
ఆయనా పెట్టలేదు.

ఏడుపు ఒక్కచోటే వచ్చింది,
పెద్ద వస్తువుల దగ్గర కాదు.
పోపులడబ్బా కింద అట్టముక్క లాగితే
వంశధార పొంగిన ఏడు
పెన్సిలుతో రాసుకున్న అప్పుల చిట్టా.
బియ్యం రెండు కుంచాలు, ఇందుమతి వాళ్ళమ్మ దగ్గర.
తీర్చామో లేదో
ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు.
ఆ ఇందుమతే, ఇందుమతి గొమాంగో,
బడిలో లెక్కలు చెప్పే పిల్ల,
మా ఇల్లు కొన్నది.
రెండు కుంచాల బియ్యం కొలిచి
నడవలో మూటగట్టి పెట్టి వచ్చాను.
ఎందుకో చెప్పలేదు.
లెక్కల పంతులమ్మ, తనే తేల్చుకుంటుంది.

బండి రెండుసార్లు తిరిగింది, అంతే.
కొత్తింట్లో మంచం పడింది,
బీరువా పడింది.
ఇక మనిషి నడవడానికి చోటేదని నేను గుమ్మంలోనే ఆగిపోయాను.
ఆయన చుట్టిన పరుపు విప్పాడు.
లోపల కడ్డీ.

మంచానికీ గోడకీ మధ్య అడ్డంగా పెట్టి,
వంగలేక వంగి,
ఒక కన్ను మూసి చూశాడు.
అటు చివర, ఇటు చివర.

"సరిగ్గా ఉందే" అన్నాడు.
"మన బండి పోద్ది."

టీకి నీళ్ళు పెట్టాను.
అగ్గిపెట్టె ఏ సంచిలో పడిందో దొరకలేదు.
పేరు కూడా తెలియని
పక్కింటి తలుపు కొట్టాను.