రెక్క కింద మెత్త

కావలి ట్రంకు రోడ్డు, కుషన్ కొట్టు.
ముప్పయ్యేళ్లుగా లారీ సీట్లు కుట్టే మస్తానయ్య దగ్గరికి
ఇవాళ ఒక రెక్క వచ్చింది,
ఇంజను లేని విమానానిది, ట్రైలర్లో పడుకుని.

స్పాంజి వద్దన్నాడు.
"తడి తాగుద్ది. ఉప్పుగాలి మనది,
తెల్లరంగు పొక్కుద్ది."
తివాచీ ముక్కని చెంపకి రుద్ది చూశాడు:
ఒక్క ఇసుక రేణువు చాలు, గీత పడేదానికి.
ట్యూబు రబ్బరు నల్లగా అంటుద్ది.
కొబ్బరి పీచంటే నవ్వాడు.

గాలిగదులు మూసుకున్న గట్టి ఫోము మిగిలింది.
రాత్రంతా బకెట్లో ముంచి
తెల్లారి తూకం వేశాడు.
"బరువెక్కలా."

అంచు కుట్టి, దారం కొరికి,
రెక్క కొసని ఒంటిచేత్తో లేపి
అట్లాగే నిలబడిపోయాడు.
మనిషిని మోసేది ఇదా!

తర్వాత, ఒంగోలు దాకా ఉన్న గుంతలన్నీ
ఒక్కోటే తలుచుకుంటా
ఇంకో పొర అతికించాడు,
డబ్బులడక్కుండా.